మౌలాబీ చెప్పని అప్పులు

తనతో అబద్ధమాడినవాళ్లకు ఇక ఒక్క మాట కూడా చెప్పేది లేదని, ఇల్యాస్ తన గురువు నూరుల్లా షా ముందు కూర్చుని తేల్చేశాడు.

గురువారం సాయంత్రం ఆదోని దర్గాకు వచ్చే పేదవాళ్లకు అప్పుల్లోంచి బయటపడే దారి చెప్పడం అతని పని. కొన్నాళ్లు బ్యాంకులో చేసిన మనిషి, వడ్డీ లెక్కలన్నీ నోటికి వచ్చు. షా గారే ఆ పని అప్పగించారు. అతని పద్ధతి ఒకటే. ఒక్కొక్కరూ లేచి నిలబడి, ఎవరికెంత బాకీనో పైకి చెప్పాలి. దాన్నిబట్టి ముందు ఏది తీర్చాలో అతను చెప్తాడు. సలహాలు మంచివే, వంక పెట్టడానికేం లేదు.

పోయిన నెల, లోపావడాలు కుట్టే మౌలాబీ అలాగే లేచి ఒకే ఒక్క అప్పు చెప్పింది. కుట్టుకూలి అంతా దానికే కట్టమన్నాడు. కట్టింది. ఆమె దాచిన అప్పుల్లో ఒకటి ఇచ్చినవాళ్లు ఊరుకుంటారా? సోమవారానికి డబ్బు చేతిలో పెట్టకపోతే కుట్టుమిషను ఎత్తుకుపోతామని గడప మీద కూర్చుని మరీ చెప్పి వెళ్లారు. మిషను పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

"ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాను హజ్రత్. లేవంది. నిజం చెప్పని మనిషిని నేనెట్లా ఒడ్డున పడేసేది?"

షా గారు అంతా విని నమాజుకు లేచారు.

మర్నాడు గురువారం. ఫాతెహా ప్రార్థన అయింది, వరండా నిండా జనం. మౌలాబీ రాలేదు. ఇల్యాస్ గొంతు సవరించుకుంటుండగా, సందు మొదట్లో టీకొట్టు నడిపే దస్తగిరి లోపలికొచ్చి నేరుగా అతని ఎదుట నిలబడ్డాడు.

"ఇల్యాస్ సాబ్, మీ పేరు మీద టీ బాకీ అట్లే ఉండాది. ఎప్పుడిస్తారు?"

ఇల్యాస్ నిర్ఘాంతపోయాడు. ఆ కొట్లో అతను అరువు పెట్టిందే లేదు. ఆ మాట అనేలోపే ముందు కూర్చున్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతనికి చెవులదాకా వేడెక్కింది.

దస్తగిరి వదల్లేదు. "ఇంగా ఎవరికన్నా బాకీ ఉండారా? అందరూ ఉండారు గదా, చెప్పండి."

"లేదు. ఎవరికీ లేదు" అనేశాడు ఇల్యాస్.

అని, తన మాట తనకే వినబడి కొయ్యబారిపోయాడు. మోటార్‌సైకిల్ కోసం బావ దగ్గర తెచ్చిన డబ్బు ఇంతవరకూ తిరిగివ్వలేదు. ఆయన ఫోన్ చేస్తే ఎత్తడమే మానేశాడు. అంత బాకీ పెట్టుకుని, దర్గాలో నిలబడి, కాస్తయినా తడుముకోకుండా అబద్ధమాడాడు. అతని మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు.

షా గారు లేచి జేబులోంచి డబ్బు తీసి దస్తగిరి చేతిలో పెట్టారు. దర్గాకు వచ్చిన బాటసారులకు ఇల్యాస్ పేరు చెప్పి ఆ టీలు తెప్పించింది ఆయనే. అందరి ముందు అడగమన్నదీ ఆయనే.

"టీ బాకీ నాది బేటా, ఇచ్చేశాను. ఆ రెండో ప్రశ్నకు జవాబు మాత్రం నీది" అన్నారు.

ఆ సాయంత్రం ఇల్యాస్ ఎవరినీ లేచి నిలబడమనలేదు. జనం వెళ్లాక మౌలాబీ ఇంటికి నడిచాడు. అతన్ని చూసి ఆమె గాభరాగా కొంగు తలమీదికి లాక్కుని, తప్పయిందని ఏదో చెప్పబోయింది. అతను వద్దని, గడప పక్కన నేల మీద కూర్చున్నాడు. వీధిలోకి వినబడకుండా గొంతు తగ్గించి, బండి సంగతి, బావ సంగతి, ఫోన్ ఎత్తని సంగతి అన్నీ చెప్పాడు. చెప్తున్నంతసేపూ తల ఎత్తలేకపోయాడు.

అంతా విని మౌలాబీ మిషను ముందు నుంచి లేచి వచ్చి, తనూ నేల మీద అతని ఎదురుగా కూర్చుంది.

"ఆ వచ్చినోళ్లు గాక, ఇంగా మూడు చోట్ల ఉండాయి బేటా" అంది.