కంటకయ్య వీపు మీది ఆకు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో కంటకయ్య అనే ముళ్ళపంది ఉండేవాడు. గొడవ పడ్డవాళ్ళ తరఫున వాదించడం అతని పని. చట్టం నాకెంత తెలుసో అతనికీ అంతే తెలుసు, అంటే దాదాపు ఏమీ తెలియదు. గొంతు మాత్రం పెద్దది.

అతనికో జబ్బుంది. తన ఎదుట ఇంకెవరినైనా మెచ్చుకుంటే చాలు, వీపు మీద ముళ్ళు గలగలా లేచేవి. నవ్వకండి పిల్లలూ, అలాంటి ముళ్ళు నాకూ కొన్ని ఉన్నాయి.

ఆ ఏడు అడవంతా చారలమ్మ అనే ఉడతనే మెచ్చుకుంటోంది. ఆమె వాగు ఒడ్డున నేరేడు తోపు పెంచింది. "ఇప్పుడు దోసెడు గింజలివ్వండి, కాపులో వాటా ఇస్తా" అని, వాటాకి గుర్తుగా ఒక్కో మోదుగాకు ఇచ్చేది. ఇచ్చేముందు ప్రతి ఒక్కరికీ ఒక మాట చెప్పేది.

"గాలివాన వస్తే పూత రాలిపోవచ్చు. అప్పుడు ఒక్క పండూ రాదు. ఈ మాట విన్నానని ఆకు అంచు కొరుకు."

"ఆకులు కొనే వెర్రివాళ్ళు!" అని కంటకయ్య అందరి ముందూ నవ్వాడు. ఎవరూ లేనప్పుడు వెళ్ళి తనూ ఒకటి కొన్నాడు.

"ఎవరికీ చెప్పకమ్మా."

"చెప్పను మామా."

ఆకును నేల మీద పెట్టి, దాని మీద పొర్లి, ముళ్ళ అడుగున దాచుకున్నాడు.

గాలివాన రానే వచ్చింది. పూతంతా రాలిపోయింది. కొన్నవాళ్ళంతా కోపంతో తమ ఆకుల్ని నమిలి మింగేశారు. ఆపైన న్యాయం చెప్పే తాబేలు డిప్పల తాత దగ్గరికి పరిగెత్తారు.

"పూత రాలొచ్చని మాకు చెప్పనేలేదు! మోసం చేసింది!"

నేరం రుజువైతే చారలమ్మ తోపు వదిలి, అడవి వదిలి పోవాలి.

ఆమె ఏడుస్తూ కంటకయ్య దగ్గరికొచ్చింది. "మామా, నా తరఫున నువ్వే వాదించాలి. పంటిగాటున్న ఆకు నీ ఒక్కడి దగ్గరే మిగిలింది. అది చూపిస్తే చాలు."

చూపిస్తే అడవంతా నవ్వుతుంది. పైగా చారలమ్మ మళ్ళీ గొప్పదైపోతుంది. కంటకయ్య ఆలోచించాడు.

"అదా? ఎప్పుడో పొడైపోయిందమ్మా. నేనున్నాగా, దిగులు పడకు" అన్నాడు.

మొదటి వాయిదాలో దుప్పి సాక్ష్యం చెప్పింది. "మోసం చేసింది గానీ తాతా, మనిషి మంచిది. నా పిల్లకి దెబ్బ తగిలితే పసరు పూసింది." కంటకయ్య ముళ్ళు కాస్త లేచాయి.

రెండో వాయిదాలో కుందేలు చెప్పింది. "ఎంత చక్కగా మాట్లాడుతుందో తాతా! వింటుంటే ఆకలి వేయదు." ముళ్ళు సగం లేచాయి.

మూడో వాయిదాలో కంటకయ్య లేచి వాదించాడు. "అయ్యా, చిన్నపిల్ల. తెలియక మోసం చేసింది. దయ చూపండి."

చారలమ్మ నివ్వెరపోయింది. "నేను మోసం చేయలేదు మామా!" అంది. ఆకు ఎవరి దగ్గరుందో మాత్రం చెప్పలేదు. మాటిచ్చింది కదా.

డిప్పల తాత నెమ్మదిగా తల బయట పెట్టాడు. "నీ వకీలే మోసమని ఒప్పుకున్నాక నేనేం చేసేదమ్మా? ఇలాంటి తోపు పెంచినవాళ్ళు ఈ అడవిలో ఇంకొకరు లేరు. నిన్ను పొమ్మనడానికి నోరు రావడం లేదు..."

ఆ మెప్పు కంటకయ్య తట్టుకోలేకపోయాడు. ముళ్ళన్నీ నిటారుగా లేచాయి.

"తాతా! మామ వీపు మీద మోదుగాకు!" వెనకనుంచి కుందేలు అరిచింది.

తాత ఆకు తెప్పించి చూశాడు. అంచున రెండు పెద్ద పళ్ళ గాటు. "ఇది నీదేనా కంటకయ్యా? అంటే ఆ మాట నువ్వూ విన్నావన్నమాట!"

కంటకయ్య నేల చూశాడు. కుందేలు చెవులు వాల్చింది. "మేమూ విన్నాం తాతా. మేమూ కొరికాం."

చారలమ్మ తోపు ఆమెకే మిగిలింది. కంటకయ్య దగ్గరికి మళ్ళీ ఎవరూ తగువు తీసుకురాలేదు.

మరుసటి వేసవిలో తోపు విరగకాసింది. చారలమ్మ బుట్ట మోసుకుంటూ అతని బొరియకొచ్చింది.

"నీ వాటా మామా."

"నాకెందుకమ్మా?"

"ఆకు కొన్నావుగా."

పండు తియ్యగా ఉంది. అటుగా పోతున్న దుప్పి, "చారలమ్మంటే చారలమ్మే!" అంది.

కంటకయ్య గబగబా వీపును గోడకి ఆనించి కూర్చున్నాడు.

నీతి: అసూయను వీపున దాచుకున్నవాడికి అది కనిపించదు, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ కనిపిస్తుంది.