పరమగురువు దుప్పటికి పట్టిన బూజు

గురుపూజ ఇంకా తొమ్మిది రోజులుందనగా పరమగురువుగారి తెల్లదుప్పటి వాషింగ్ మిషనులోంచి నల్లచుక్కలతో బయటికొచ్చింది.

సుదర్శనం గబుక్కున అందుకున్నాడు. దుప్పటి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. నానబెట్టి మరిచిపోయిన గోనెపట్టా వాసన.

దివిసీమలో, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో ఒక ఆచారం ఉంది. ఉపదేశమిచ్చే రోజున గురువూ శిష్యుడూ ఆ దుప్పటి కప్పుకుని కూర్చుంటారు. గురువు శిష్యుడి చెవిలో ఒక్కమాట చెబుతాడు. ఆ మాట ఏమిటని ఎవరూ అడగరు, విన్నవాడు చెప్పడు. దుప్పటికి మచ్చ ఉంటే మాత్రం ఆ ఏటికి ఉపదేశం లేనట్టే. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పుకునే ఉద్యోగం వదిలేసి వచ్చిన సుదర్శనం మూడేళ్ళుగా ఆ ఒక్కమాట కోసమే కాచుక్కూచున్నాడు. ఈ ఏడు నీదేనయ్యా అని గురువు నోరారా అన్నాడు కూడా.

గురువు పేరు ముత్యాలయ్య. అందరూ తాతగారంటారు. ఒకప్పుడు ఊరందరి బట్టలూ రేవులో ఉతికిన మనిషి. తన గురువైన ఆ పరమగురువు పిలిస్తే బండ మీది బట్ట బండ మీదే వదిలేసి వచ్చాడని చెప్పుకుంటారు.

ఇక మిషను సంగతి. రెండేళ్ళ కిందట రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన ఆశ్రమానికిచ్చాడు. ముందువైపు గుండ్రటి గాజు తలుపున్న రకం. దాని బాధ్యత సుదర్శనం నెత్తిన వేసుకున్నాడు. ఎంత భక్తనుకున్నారు! గాజు తలుపు పైన పసుపు రాసి బొట్టు పెట్టాడు. దసరాకి దండ వేశాడు. బట్టలు తీసిన మరుక్షణం తలుపు బిగించి, ప్లాస్టిక్ కవరు తొడిగి, దాని మీద జరీ అంచు గుడ్డ కప్పేవాడు. గురువుకిచ్చిన వస్తువులో బల్లి పడకూడదు, దుమ్ము చేరకూడదు. కొన్నాళ్ళకి వాసన మొదలైతే సబ్బుపొడి రెట్టింపు చేశాడు. అదీ పనిచెయ్యకపోతే సెంటు నీళ్ళు పోశాడు. చివరికి సాంబ్రాణి కూడా వేశాడు. ధూపం వేస్తే చేపలబుట్ట కంపు పోతుందా?

ఇది చాలదన్నట్టు, పది రోజులుగా పొద్దున్నే వెళ్ళి చూస్తే మిషను తలుపు బార్లా తెరిచి ఉంటోంది. దుప్పటి చూడగానే సుదర్శనం నేరుగా వంటింట్లోకి వెళ్ళి, వంటచేసే నాంచారమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"నేనెందుకు తీస్తానండీ? దాన్ని ముట్టుకోవాలంటేనే నాకు భయం" అందావిడ, చేతిలో గరిటె అలాగే పట్టుకుని.

"మరి దెయ్యం తీస్తోందా?"

నాంచారమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సుదర్శనం అది చూడలేదు. నైలాను తాడు తెచ్చి తలుపుకి నాలుగు చుట్లు చుట్టి ముడివేసి, కవరూ జరీ గుడ్డా మళ్ళీ కప్పాడు.

ఆ వెంటనే దుప్పటి పట్టుకుని తాతగారి దగ్గరికి పరుగెత్తాడు.

"ఎవరో రోజూ తలుపు తీసేస్తున్నారు తాతగారూ. దుమ్మంతా లోపలికి పోయింది. చూడండి, నా మూడేళ్ళ పుణ్యం కాస్తా గంగలో కలిసింది!"

తాతగారు దుప్పటి వాసన చూశాడు. చేతికర్ర అందుకుని మిషను దగ్గరికి నడిచాడు. జరీ గుడ్డ తీసి పక్కన పెట్టాడు. కవరు తీశాడు. తాడు ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. సుదర్శనం ముడులు అంత గట్టివి.

తలుపు తెరిచి, అంచున చుట్టూ ఉన్న రబ్బరు మడతని బొటనవేలితో వెనక్కి లాగాడు.

"వేలు పెట్టు."

సుదర్శనం పెట్టాడు. జిగురుగా ఏదో తగిలింది. వేలు బయటికి తీస్తే కాటుకలా నల్లగా ఉంది. బూజు. తలుపు బిగించి ఉంచితే లోపలి తడి ఆరక పట్టింది.

తాతగారు ఆ వేలు పట్టుకుని, దాంతోనే అతని బుగ్గ మీద ఓ చుక్క పెట్టాడు.

"దిష్టి తగలకుండా" అన్నాడు.

సుదర్శనం తలుపు మీది బొట్టూ ఎండిన దండా చూసుకున్నాడు. నేల మీది తాడు చూసుకున్నాడు. అప్పుడు తట్టింది.

"తలుపు తీసింది మీరేనా?"

"నేనే. నువ్వు ముయ్యడం, నేను తియ్యడం. పది రోజులుగా ఇదేగా ఆట."

"ఒక్కమాట చెప్పి ఉండొచ్చుగదా!"

"నన్నడగలేదుగా. నాంచారమ్మనడిగావు."

సిగ్గుతో సుదర్శనం తల వాలిపోయింది. కానీ ఏడుస్తూ కూచోలేదు. ఆ మధ్యాహ్నమే పంచె ఎగగట్టాడు. వంటింటి గుమ్మం దగ్గర ఆగి, "తప్పు నాదమ్మా" అన్నాడు. నాంచారమ్మ వెనిగర్ సీసా, పాత టూత్‌బ్రష్షు తెచ్చి చేతిలో పెట్టి, "ముందు ఆ బుగ్గ కడుక్కోండి" అంది.

గుడ్డని వెనిగర్‌లో తడిపి రబ్బరు మడతలో అరగంట ఉంచాడు. తర్వాత బ్రష్షుతో తోమాడు. సబ్బుపొడి వేసే అర లాగితే దాని వెనక నల్లటి జావ పేరుకుని ఉంది. కింద మూలనున్న చిన్న మూత విప్పితే మురుగునీళ్ళు బళుక్కున కారాయి. అన్నీ కడిగాడు. మర్నాడు బట్టలేమీ వెయ్యకుండా, చాకలిసోడా వేసి, బాగా వేడినీళ్ళతో మిషను తిప్పాడు. మొదటిసారి గొట్టంలోంచి బకెట్టులోకి వచ్చిన నీళ్ళు బొగ్గునీళ్ళు. రెండోసారి కుడితి. మూడోసారికి బకెట్టు అడుగు కనిపించింది.

తాతగారు అరుగు మీంచి చూస్తూనే ఉన్నాడు. సబ్బుపొడి డబ్బా దగ్గరికి ఒక్కసారి మాత్రం వచ్చి, సుదర్శనం తీసిన రెండు చెంచాల్లో ఒకటి మళ్ళీ డబ్బాలోకి వంపేసి వెళ్ళాడు.

దుప్పటి పని ఇద్దరూ కలిసి చేశారు. వేడి సోడానీళ్ళలో నానబెట్టి, ఇసక మీద పరిచి, ఎండిపోకుండా నీళ్ళు చిలకరిస్తూ నాలుగు రోజులు ఎండ చూపించారు. ఆ నాలుగు రోజులూ తాతగారు ఇరవయ్యేళ్ళ కుర్రాడిలా తిరిగాడు. చుక్కలు ఒక్కొక్కటే వెలిసిపోయాయి. ఎనిమిదో రోజు దాన్ని మిషనులో వేశాడు సుదర్శనం. గాజులోంచి అది గిరగిరా తిరుగుతుంటే రెప్ప వెయ్యలేదు.

ఆగగానే తీసి, ఎండలో ఆరేశాడు. ఆరాక తను వాసన చూడలేదు. తీసుకెళ్ళి నాంచారమ్మ చేతిలో పెట్టాడు.

ఆవిడ ముఖానికి ఆనించుకుని గాలి పీల్చింది. మళ్ళీ పీల్చింది.

"ఏ వాసనా లేదండీ! ఉత్త ఎండ వాసన!"

సుదర్శనం ఆనందం పట్టలేక ఈలవేశాడు. ఆశ్రమంలో ఈల వినబడటం అదే మొదటిసారి.

మర్నాడు గురుపూజ. మూడూళ్ళ జనం కూడారు. తాతగారి ఎదుట సుదర్శనం మఠం వేసుకు కూర్చున్నాడు. మచ్చలేని దుప్పటి ఇద్దరి మీదా కప్పారు. భజన ఆగింది. లోపల తెల్లటి వెలుగు. సుదర్శనం కళ్ళు గట్టిగా మూసుకుని, ఊపిరి బిగబట్టి, చెవి ఒగ్గాడు. మూడేళ్ళుగా ఎదురుచూసిన మాట.

తాతగారు చెవి దగ్గరికి వంగాడు.

"మిషను తలుపు తీసే ఉంచావా?"

సుదర్శనం కళ్ళు తెరిచాడు.

"తీసే ఉంచాను తాతగారూ."

"అయితే ఇంక చెప్పడానికి నా దగ్గరేం లేదు" అన్నాడు తాతగారు.

దుప్పటి తీసేసరికి శిష్యుడు పకపకా నవ్వుతున్నాడు, చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి. జనం ఒక్కసారిగా గురువుకి జై కొట్టారు. ఏం చెప్పారని ఎవరూ అడగలేదు.