అచ్చియ్యమ్మ అడిగిన సందు

అనగనగా ఒక ఊళ్ళో, అందరి ఇళ్ళూ అయిపోయాక ఇంకో ఇల్లు ఉండేదిరా కన్నా. అందులో అచ్చియ్యమ్మ ఒక్కతే ఉండేది. ఒక్కతే వండుకునేది, ఒక్కతే తినేది.

పొలాలకెళ్ళే కాలిదారి ఆమె అరుగు ముందునించే పోయేది. "ఏం కూరత్తా?" అని పోతూ పోతూ ఎవరో ఒకరు అడిగేవారు. ఆ రోజుకి ఆమె వినే మాటలు అవే.

అలా ఉండగా, పశువులు చేలో పడుతున్నాయని ఊరివాళ్ళు ఆ దారికి అడ్డంగా గోడ కడదామనుకున్నారు. ఇక తనని ఏం కూరని అడిగేదెవరు అనుకుంది అచ్చియ్యమ్మ. మనిషి పట్టేంత సందైనా వదలమని అడుగుదామని బయల్దేరింది.

అంతకుముందు ఊరి సంగతులన్నీ ఎవరో ఒకరి అరుగు మీదే తేలేవి. ఆ ఏడే కొత్తగా రాతి చావడి కట్టారు. పెద్దలకి ఎత్తయిన గద్దె, అడిగేవాళ్ళకి కింద నేల, పైన గుండ్రటి కప్పు.

మొదటిసారి ఆమె కింద నిలబడి మెల్లిగా అడిగింది. మాట గద్దె ఎక్కలేదు. ఊరిపెద్ద గవరయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటత్తా, మేకేమైనా తప్పిపోయిందా?" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ తర్వాత ఇంకోసారి వెళ్ళి గొంతెత్తి అడిగింది. కప్పు ఆ మాటని ఇంతకింత చేసి విసిరింది. "ఈవిడేంటి, పోట్లాటకొచ్చింది" అన్నారు. తన గొంతుకి తనే భయపడింది పిచ్చితల్లి.

మూడోసారి మెట్టు దగ్గర ఊరికే కూర్చుంది. పనులయ్యాక అందరూ లేచి, ఆమె పక్కనించే వెళ్ళిపోయారు.

ఆ తర్వాత గవరయ్య, గోడ లేచే చోట గుర్తుకి ముగ్గు పోయించడానికి వచ్చాడు. ఎండ మండిపోతోంది. నీడకని ఆమె అరుగెక్కి కూర్చున్నాడు. ఆమె చెంబుతో మజ్జిగ ఇచ్చి, పక్కనే కూర్చుంది. ఇద్దరి తలలూ ఒక్క ఎత్తున ఉన్నాయి. అప్పుడు మెల్లిగా చెప్పింది.

"గోడ కట్టుకో నాయనా. ఒక్క మనిషి పట్టేంత సందు వదులు."

"ఓస్, ఇంతేనా? మరి చావిట్లో చెప్పవేం అత్తా?"

"చెప్పాను నాయనా. అంత పైకి నా గొంతు రాలేదు."

గవరయ్య చెంబు కింద పెట్టి లేచాడు. పోసిన ముగ్గు చెరిపించి, మళ్ళీ పోయించాడు.

గోడ లేచింది. సందు మిగిలింది. మర్నాడు పొద్దెక్కినా ఎవరూ రాలేదు. గోడ కట్టినన్నాళ్ళూ తిరిగిన చుట్టుదారే జనానికి అలవాటైపోయిందేమో అనుకుంది అచ్చియ్యమ్మ.

అప్పుడు గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని నూకాలమ్మ వచ్చింది. మోపు సందులో పట్టలేదు. "అత్తా, ఓ చెయ్యెయ్యి" అంది. ఇద్దరూ మోపు దించి, నిలువుగా తిప్పి, ఇవతలికి లాగారు. లాగేసరికి నూకాలమ్మకి ఆయాసమొచ్చింది. అరుగు మీద కూలబడి, కోడలి సంగతులన్నీ చెప్పుకొచ్చింది.

ఆ తర్వాత మోపులతో వచ్చినవాళ్ళూ అంతే. ఎంత చిత్రమో చూడు. దారి వెడల్పుగా ఉన్నన్నాళ్ళూ జనం నడుస్తూనే పలకరించేవారు. ఇరుకయ్యాక మోపు దించి కూర్చున్నారు.

పొద్దుగూకాక మాత్రం ఎవరూ రారు. అప్పుడు అచ్చియ్యమ్మ ఆ రోజు విన్న మాటలు ఒక్కొక్కటే తలుచుకుంటూ అన్నం తినేది.

కథేమో కంచి దారి పట్టింది,
మన కంటికేమో కునుకు పట్టింది.