పోలమ్మ జాగా

కొండలకింకా పేర్లు పెట్టని రోజుల్లో, అడవి అంచున పోలమ్మ అనే ముసలామె ఉండేది. బొగ్గులు కాల్చి కమ్మరి కొలిమికి వేసేది. మీరు కూర్చోండి. ఈ కథ చెప్పేటప్పుడు నాకు మాత్రం కాలు నిలవదు.

పోలమ్మ కూతురు నూకాలు జ్వరమొచ్చి పోయింది. అప్పుడప్పుడే మాటలొస్తున్న మనవరాలు పైడి మిగిలింది. రోజూ తల్లి బుగ్గ మీద చెయ్యి వేసుకుని పడుకున్న పిల్ల, ఇప్పుడు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లేదే గాని నిద్రపోయేది కాదు. ముద్ద కూడా ముట్టేది కాదు. ఇలాగైతే పిల్ల కూడా దక్కదన్నారు ఊళ్లోవాళ్లు. పోలమ్మకి కూర్చుంటే కాలు నిలవదు, పడుకుంటే కన్ను మూతపడదు.

తల్లి ముఖం గీసి చూపిస్తే పిల్ల ఊరుకుంటుందేమోనని చల్లారిన బొగ్గుముక్క తీసింది. నున్నగా అలికిన గోడ మీద గీసింది. నూకాలుకి చిన్నప్పుడు అమ్మవారు పోసి ముఖమంతా గుంటలు పడ్డాయి. ఆ గుంటల మాటెత్తితే పోలమ్మకి ఒళ్లు మండేది. బొమ్మలో ఒక్కటీ పెట్టలేదు. ఇరుగుపొరుగు చూసి బాగుందన్నారు. పిల్ల ఏడుపు మానలేదు.

కళ్లు కుదరలేదేమోనని తలుపుచెక్క మీద మళ్లీ గీసింది. పిల్ల ఏడుపు మానలేదు. కూర్చుంటే కాలు నిలవదు, పడుకుంటే కన్ను మూతపడదు.

మూడోసారి కమ్మరిని బతిమాలి వాళ్లింటి సున్నపు గోడ మీద గీసింది. పిల్లని ఎత్తుకుని దగ్గరికి తెచ్చింది. పైడి బొమ్మ బుగ్గ తడిమి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మాయమ్మ కాదు," అంది. "నున్నగుంది."

పోలమ్మ ఆ బుగ్గని తనూ తడిమి చూసింది.

"మచ్చలు చెరపబోయి నా బిడ్డనే చెరిపేసినాను," అంది.

పిల్లని చంకనేసుకుని తన ఇంటి వెనక్కి పరుగెత్తింది. అక్కడ వానలకి మట్టి రాలి, గులకరాళ్లు తేలిన పెరటిగోడ ఉంది. దాని మీద బొగ్గుని అడ్డంగా పెట్టి రుద్దింది. ఎత్తులకి నలుపంటింది, గుంటలు గుంటలుగానే మిగిలాయి. వేళ్లు చీరుకుపోయినా ఆపలేదు. చివరికి నూకాలు ముఖం కనిపించింది. పైడి ఆ బుగ్గ మీద చెయ్యి వేసింది. అలాగే, అమ్మమ్మ భుజం మీదే నిద్రపోయింది.

లేచి గంజి అడిగింది. పిల్ల బతికింది.

వానకి బొమ్మ కరిగినప్పుడల్లా పోలమ్మ మళ్లీ గీసేది. ఆమె పోయాక పైడి గీసింది. తల్లి పక్కన అమ్మమ్మని కూడా గీసింది, ముడత ఒక్కటి వదలకుండా.

ఇప్పటికీ ఆ వైపు ఇల్లు అలికేటప్పుడు పెరటిగోడలో చేటంత మేర గరుకుగా వదిలేస్తారు. కొత్త కోడలు తెలియక అలకబోతే అత్త చెయ్యి పట్టుకుంటుంది.

"అది పోలమ్మ జాగా తల్లీ. నిద్రపట్టని పిల్లలు చెయ్యి పెట్టుకోవాల."

ఎవరూ చూడనప్పుడు పెద్దవాళ్లూ పెడతారు. మా అమ్మ చనిపోయిన ఏడు నేనూ పెట్టాను.