కవరు పాతిన చోటు

విరూపాక్షం మాస్టారికి ఒక పాడలవాటు ఉంది. ఎవరేమడిగినా జవాబు చెప్పరు. "కాఫీ తాగావా?" అంటారు. తాగామంటే "అయితే కూర్చో" అంటారు, తాగలేదంటే లోపలికి కేకేస్తారు. మన ప్రశ్న మాత్రం ఆయన ఇంటి అరుగు మీదే పడుంటుంది. కొన్నాళ్ళకి, అడిగినవాడు అడిగిన సంగతే మరిచిపోయాక, ఏదో ఒక చిన్న ముచ్చట జరుగుతుంది. అప్పుడాయన ఒక్క మాటంటారు. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నాక గానీ మనకి జవాబు అందిందని తెలీదు. ఈ పద్ధతి వల్ల ఆయన దగ్గర తర్కం చదువుకుందామని వచ్చినవాళ్ళలో చాలామంది కాఫీ తాగి వెళ్ళిపోయారు. మండపేట మొత్తానికి మిగిలింది ఇద్దరం, నేనూ సూరిబాబూ.

సూరిబాబుకి తాలూకా ఆఫీసు ఎదురుగా కొట్టుంది. ముందు భాగంలో జిరాక్సు మిషను, వెనక వాళ్ళావిడ మంగతాయారు కుట్టుమిషను. ఊళ్ళో సగంమంది జాకెట్లు అక్కడే తయారవుతాయి. నిజం చెప్పాలంటే ఇల్లు నడిపేది ఆ వెనక మిషనే. ఆ మాట సూరిబాబు దగ్గరంటే మొహం ముడుచుకుంటాడు కాబట్టి మేమెవ్వరం అనం.

ఒకరోజు పాఠం అయ్యాక సూరిబాబు గొంతు సవరించుకున్నాడు.

"మాస్టారూ, నాదొక సందేహమండి. ఒక సంగతి నిజమా కాదా అని తేల్చుకోవాలంటే సాక్ష్యాలు చూడాలన్నారు కదండీ. చూస్తూ చూస్తూ ఉంటే, ఇంక చాలు, ఇంక నమ్మేయొచ్చు అని ఎప్పుడనుకోవాలండీ?"

"నీ కవరు సంగతా?" అన్నారు మాస్టారు.

"అబ్బే, కాదండీ. ఊరికే, మామూలుగా అడుగుతున్నానండి."

"కాఫీ తాగావా?" అన్నారు మాస్టారు.

కవరు సంగతేమిటో చెప్పకపోతే ఈ కథ ముందుకి కదలదు. మృత్తికా బయోప్యాక్ అని ఒక కంపెనీ ఉంది. మొక్కజొన్న పిండీ, కర్రపెండలం పిండీ కలిపి చేతిసంచుల్లాంటి కవర్లు చేస్తుంది. వాడి పారేస్తే మూడు నెలల్లో ఆనవాలు లేకుండా మట్టిలో కలిసిపోతాయట. ఈ కంపెనీ షేర్లు మా అరుగు మీద ముగ్గురి దగ్గర ఉన్నాయి. ఒకరు బస్సు డిపోలో మేనేజరు చేసి రిటైరైన పట్టాభిరామయ్య గారు, రెండోవాడు కోళ్ళ దాణా అమ్మే దొరారెడ్డి, మూడోవాడు మా సూరిబాబు. వాళ్ళు కొన్న నాటినుంచీ ఆ షేరు దిగుతూనే ఉంది. దిగిన కొద్దీ ముగ్గురికీ దాని మీద ప్రేమ పెరుగుతూనే ఉంది. నా దగ్గర షేర్లు లేవు, కొనే తాహతూ లేదు. అందుకని నవ్వే తీరిక నాకొక్కడికే ఉండేది.

రోజూ పొద్దున్నే నడక ముగించుకుని ముగ్గురూ మాస్టారి అరుగెక్కేవారు.

"ప్లాస్టిక్ని గట్టిగా ఆపారనుకోండి, దేశంలో ప్రతి కూరగాయల బండి దగ్గరా వేలాడేది మన కవరే" అనేవారు పట్టాభిరామయ్య గారు, ఆ కవర్లు తానే చేత్తో చేస్తున్నట్టు.

"అన్ని బళ్ళెందుకండీ బాబూ, అన్నవరం ప్రసాదం ఒక్కటి మన కవర్లోకొస్తే చాలు, ఇంక కాలు మీద కాలేసుక్కూర్చోవచ్చు" అనేవాడు దొరారెడ్డి.

"దాన్ని ఆకులో కడతారు కదండీ" అన్నాడు సూరిబాబు.

"ఆకు ఎన్నాళ్ళు దొరుకుద్దిలే!" అన్నాడు దొరారెడ్డి. ఆ పూట ముగ్గురూ దేశంలో ఆకులన్నీ అయిపోవాలని మనస్ఫూర్తిగా కోరుకున్నారు.

ఇలా ఉండగా కంపెనీ వాళ్ళు వాటాదారులకి తలా ఒక కవరు నమూనాగా పంపించారు. తెల్లటి కవరు, దాని మీద ఆకుపచ్చ అక్షరాలతో 'మట్టి నుంచి మట్టికి' అని రాసుంది. పట్టాభిరామయ్య గారు దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, "ఊరికే కబుర్లు కాదు, పరీక్ష చేద్దాం. మట్టిలో పాతుదాం. కరిగిందా, ఇంకా కొందాం. కరగలేదా, వదిలించుకుందాం" అన్నారు. ఎంత న్యాయమైన మాట! నాకు ఆయన మీద గౌరవం కలిగింది. కొద్దిరోజులే అనుకోండి.

పట్టాభిరామయ్య గారిది అపార్టుమెంటు. దొరారెడ్డి ఇంటి చుట్టూ సిమెంటు. సూరిబాబు పెరట్లో కోళ్ళు తిరుగుతాయి. అందుకని మాస్టారి పెరట్లో, చిక్కుడు పాదుకి కాస్త ఇవతల, జానెడు లోతున కవరుని పాతిపెట్టి, గుర్తుకి ఒక వెదురు పుల్ల గుచ్చారు. పాతాక ముగ్గురూ చెప్పులిప్పి కాసేపు నిలబడ్డారు. ఎందుకు నిలబడ్డారో వాళ్ళకే తెలియాలి.

మర్నాడే తవ్వి చూశారు. కవరు కడిగిన ముత్యంలా ఉంది. "ఒక్కరోజుకేమవుద్ది" అని పూడ్చేశారు. తర్వాత వారానికోసారైనా తవ్వుతూనే ఉన్నారు. తవ్విన ప్రతిసారీ కవరు పైకొచ్చి వాళ్ళ మొహాల్లోకి చూసేది. అయినా కవరుని ఒక్కరంటే ఒక్కరు పల్లెత్తు మాటనలేదు. తడి చాలలేదన్నారు, నీళ్ళు పోశారు. నీళ్ళెక్కువయ్యాయన్నారు, ఆరబెట్టారు. "ఏమనుకోకండి మాస్టారూ, మీ మట్టిలో సత్తువ లేదు" అని దొరారెడ్డి కోళ్ళ పెంట తెచ్చి ఆ చుట్టుపక్కలంతా దిమ్మరించాడు. తెచ్చింది ప్లాస్టిక్ సంచిలో. అది మాత్రం ఎవరి కంటా పడలేదు. ఆ కంపుకి మాస్టారి చెల్లెలు సుభద్రమ్మగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకొచ్చి, "మీ కవరు మట్టిలో కలిసేలోగా నేను కలిసేట్టున్నాను నాయనా!" అని ముగ్గురినీ కలిపి చీవాట్లేశారు.

మూడు నెలలూ కావచ్చాయి. షేరు ఇంకా దిగింది. ఇంత చవగ్గా మళ్ళీ దొరకదని పట్టాభిరామయ్య గారు, ఇదే ఆఖరి అవకాశమని దొరారెడ్డి. వాళ్ళిద్దరికీ వేరే ఆధారాలున్నాయి. మధ్యలో సూరిబాబు ఇంకా షేర్లు కొందామని కొట్టు అమ్మేయడానికి సిద్ధపడ్డాడు. సెల్‌ఫోన్లు అమ్మే కుర్రాడెవడో బేరానికొచ్చాడు, శుక్రవారం అడ్వాన్సు తెస్తానన్నాడు. "కవరు కరిగితేనే అమ్ముతానండి, లేకపోతే లేదు" అని సూరిబాబు మా అందరికీ మాటిచ్చాడు. ఆ మాట మీద ఆ ఇల్లాలి కుట్టుమిషను వేలాడుతోంది.

మంగతాయారు ఒకనాడు సుభద్రమ్మగారి దగ్గరకొచ్చి వంటింటి గుమ్మంలో కూలబడింది. "అందరూ ఏవేవో కావాలని మొక్కుకుంటారు పిన్నిగారూ. నేను ఆ కవరు కుళ్ళకుండా ఉండాలని మొక్కుకుంటున్నానండి. ఆ కొట్టు పోతే ఈయన జిరాక్సు ఎక్కడైనా తీసుకుంటారు, నా దగ్గరికొచ్చే ఆడవాళ్ళు ఎక్కడికొస్తారండీ?" అని కళ్ళు తుడుచుకుంది. బయటున్న నాకు ప్రతి మాటా వినబడింది. మాస్టారు వరండాలో పేపరు చదువుతున్నారు. పేజీ తిప్పలేదు.

ఇప్పుడు పుల్ల సంగతి చెప్పేస్తాను. దాచుకుని దాచుకుని చివర్లో చూపించి చప్పట్లు కొట్టించుకునే గుణం నాకు లేదు. బుధవారం నాడు చిక్కుడు తీగ బరువుకి వంగిపోతుంటే సుభద్రమ్మగారు చేతికందిన వెదురు పుల్ల పీకి దానికి పోటు పెట్టారు. తర్వాత గుర్తొచ్చి, "అయ్యో రామా, ఇది ఆ మహానుభావుల పుల్ల!" అనుకుని ఇంకో కర్ర వెతికి తీగకి పెట్టి, ఆ పుల్లని తెచ్చి మట్టిలో గుచ్చేశారు. ఎక్కడ పీకారో అక్కడ కాదు. బారెడు దూరంలో. మేమిద్దరం, మాస్టారూ నేనూ, చూస్తూనే ఉన్నాం.

"చోటు తప్పింది కాబోలు అన్నయ్యా. వాళ్ళకి చెప్పనా?" అన్నారావిడ.

"అడిగితే చెప్దాం" అన్నారు మాస్టారు.

గురువారం పొద్దున్న ముగ్గురూ వచ్చారు. పుల్ల దగ్గర పారతో జానెడు తవ్వారు. ఏమీ లేదు. మట్టిని చేత్తో కెలికారు. ఏమీ లేదు. తర్వాత దొరారెడ్డి పెట్టిన కేకకి పక్కింటి గేదె కట్టు తెంచుకుంది.

"కరిగిపోయిందండోయ్! ఆనవాల్లేదు!"

పట్టాభిరామయ్య గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను. అది ఆ కోళ్ళ పెంట మహిమ కూడా కొంత ఉందనుకోండి" అన్నారు. దొరారెడ్డి తాపేశ్వరానికి మనిషిని పంపి కాజాలు తెప్పించాడు. ఖాళీ గొయ్యికి నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశారు. ఆ ఫోటోలు తెలిసినవాళ్ళందరికీ పంపారు. అందుకున్నవాళ్ళు ఎవరు పోయారని కంగారుగా ఫోన్లు చేశారు.

సూరిబాబు గోడ దగ్గరికెళ్ళి సెల్‌ఫోన్ల కుర్రాడికి ఫోన్ చేశాడు. "రేపటి దాకా ఎందుకు తమ్ముడూ, ఇవాళే తెచ్చేయ్. మాస్టారి ఇంటికే రా, ఆయన సమక్షంలో పుచ్చుకుంటాను" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మాస్టారి చెవి దగ్గర వంగి, "ఇదేం పద్ధతండీ, చెప్పేయొచ్చు కదా! ఆ అమ్మాయి కొట్టు పోతోంది" అన్నాను.

"ఇప్పుడు చెబితే పుల్లని వదిలేసి నన్ను పట్టుకుంటాడు. ఈసారికి గట్టెక్కుతాడు, ఇంకోసారికి నేను ఉండొద్దూ? వాణ్ణి ఒక్కమాట అడగనీ" అన్నారాయన, కాజా కొరుకుతూ.

సూరిబాబు వచ్చి మాస్టారి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. మొహం వెలిగిపోతోంది. మేళతాళాలతో వెళ్ళే పెళ్ళికొడుకు కూడా అంత వెలగడు. "ఇప్పుడు చాలు కదండీ మాస్టారూ?"

"గొయ్యి ఎంత తవ్వారోయ్?"

"జానెడండీ."

"చుట్టుపక్కల చూశారా?"

"ఎందుకండీ? లేదు కదండీ!"

"ఆ పుల్ల ఎవరైనా కదిపారేమోనని అడిగారా?"

"అడగడమెందుకండీ, లేదు కదండీ మరి!" అన్నాడు సూరిబాబు, మాస్టారికి వయసైపోతోందని జాలిపడుతూ.

మాస్టారు కాజా పళ్ళెం పక్కన పెట్టి, పంచె ఎగ్గట్టి, పార తీసుకున్నారు. చిక్కుడు పాదు వైపుకి నడిచి, "సుభద్రా, ఇక్కడేనా?" అన్నారు. "ఇంకాస్త ఇటు అన్నయ్యా" అన్నారావిడ. డెబ్బై దాటిన మనిషి, రెండు పోట్లు పొడిచారో లేదో, మూడో పోటుకి తెల్లగా ఏదో పైకి తేలింది. వంగి, అంచు పట్టుకుని లాగి, దులిపారు. కవరు. చిల్లు లేదు. 'మట్టి నుంచి మట్టికి' అన్న అక్షరాల్లో ఒత్తులతో సహా ఏదీ చెరగలేదు.

పట్టాభిరామయ్య గారు నోట్లో ఉన్న కాజా మింగాలో వద్దో తేల్చుకోలేక అలాగే నిలబడిపోయారు.

ముందుగా తేరుకున్నది దొరారెడ్డే. కవరు అందుకుని, రెండు చేతులా పట్టి లాగి చూసి, "ఏం గట్టి సరుకండీ ఇది! మూడు నెలలు భూమిలో ఉండి, ఇన్ని నీళ్ళూ ఇంత పెంటా తట్టుకుని చెక్కుచెదరలేదు చూడండి! ఇంత నాణ్యం ఎవడిస్తాడండీ ఈ రోజుల్లో?" అన్నాడు.

"ఆ మాటా నిజమే" అన్నారు పట్టాభిరామయ్య గారు. కాజా మింగేశారు. ఇద్దరూ ఆ విషయమే మాట్లాడుకుంటూ గేటు దాటి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఇంకొన్ని షేర్లు కొన్నారని తర్వాత తెలిసింది.

సూరిబాబు మాత్రం కదల్లేదు. ఖాళీ గొయ్యి వంకా, కవరు బయటపడిన గొయ్యి వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. గేటు బయట మోటారు సైకిలు ఆగింది. సెల్‌ఫోన్ల కుర్రాడు నోట్ల కవరు చేతిలో పట్టుకుని నవ్వుతూ లోపలికొచ్చాడు. వాడి వెనకే, కబురెలా తెలిసిందో, చెప్పులు కూడా లేకుండా మంగతాయారు పరుగెత్తుకొచ్చింది. మెళ్ళో కొలత టేపు వేలాడుతోంది. ఎవరి జాకెట్టో సగంలో వదిలేసి వచ్చినట్టుంది. ఆయాసం, భయం, కోపం మూడూ ఆ మొహంలోనే ఉన్నాయి. మొగుడి వంకే చూసింది.

సూరిబాబు ఆ కుర్రాడికి రెండు కాజాలు చేతిలో పెట్టాడు. "కొట్టు అమ్మడం లేదు తమ్ముడూ. ఏమనుకోకు" అన్నాడు. "అది నా ఒక్కడిదీ కాదు. మా ఆవిడది ఎక్కువ."

మంగతాయారు అక్కడే మట్టిలో కూర్చుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. సుభద్రమ్మగారు వెళ్ళి ఆవిడ పక్కన చతికిలబడ్డారు.

మాస్టారు నూతిగట్టు దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. సూరిబాబు చెంబుతో నీళ్ళు పోస్తూ, తల వంచుకుని, మెల్లిగా అడిగాడు.

"ఆ కవరు మంచిది కాదంటారా అండీ?"

"నాకేం తెలుసోయ్. కరగడానికి ఇంకో నెల పడుతుందేమో. కంపెనీ బాగుపడుతుందేమో కూడా."

"మరైతే నేను చేసిన తప్పేమిటండీ?"

మాస్టారు తడిచేతులు విదిలించి, తువ్వాలు అందుకున్నారు.

"కవరు కనబడిన ప్రతిసారీ ఇంకా ఇంకా తవ్వావు" అన్నారు. "కనబడని రోజునే పార కింద పెట్టేశావు."