మేక దాచిన తలనొప్పి

అనగనగా ఒక కొండ. మామూలు కొండ కాదర్రా, నెత్తిన పొగలు కక్కే అగ్నిపర్వతం! ఆ కొండ ఎక్కేవాళ్లకు దారి చూపేది దుబ్బమ్మ అనే ముసలి జడలబర్రె.

ఒకసారి సముద్రపు ఒడ్డు నుంచి గోరింట అనే మేక వచ్చింది.

"అత్తా, ఆ నిప్పుగుంట అంచున నిలబడి లోపలికి తొంగిచూడాలి. మా మందలో ఇంతవరకు ఎవరూ చూడలేదు!" అంది.

"చూపిస్తాలే అమ్మా. ముందు మూడు రోజులు పగలు కొంత ఎక్కాలి, మళ్లీ కిందికి దిగి పడుకోవాలి," అంది దుబ్బమ్మ.

"ఎక్కి దిగడమా! దీనికింత తతంగమెందుకు?"

"పైన గాలి పలచనమ్మా. ఒంటికి మెల్లగా అలవాటు కావాలి. తల నొచ్చినా, కడుపులో తిప్పినా నాకు చెప్పు. దాచకూడదు సుమా!"

మొదటి రోజు పచ్చిక దాకా ఎక్కి దిగారు. హాయిగా ఉంది. రెండో రోజు నల్లరాళ్ల దాకా వెళ్లారు. అంచు చూడాలని వాళ్లతోపాటు బయలుదేరిన ఒక కుందేలు "తల పగిలిపోతోంది" అంది. దుబ్బమ్మ దాన్ని వెంటనే దింపేసి పొదలో పడుకోబెట్టింది.

మూడో రోజు బూడిదగుట్ట మీద గోరింట తలలో పోటు మొదలైంది.

"ఎలా ఉందమ్మా?" అని అడిగింది దుబ్బమ్మ.

చెబితే నన్నూ దింపేస్తుంది, అనుకుంది గోరింట. "గుండ్రాయిలా ఉన్నానత్తా!" అనేసింది.

నాలుగో రోజు అంచు కళ్లముందుకు వచ్చింది. ఇంకో వంద అడుగులే! అంతలో గోరింట కాళ్లు తడబడ్డాయి. మాట ముద్దముద్దగా వచ్చింది. బూడిదలో జారి లోయవైపు దొర్లింది. అయ్యో! దుబ్బమ్మ చటుక్కున కొమ్ము అడ్డంపెట్టి ఆపింది. వీపు మీద ఎక్కించుకుని గబగబా కిందికి బయలుదేరింది.

"వంద అడుగులే కదత్తా..." అని ఏడ్చింది గోరింట.

"కొండ ఎక్కడికీ పారిపోదు. నువ్వు పోతే నిన్నెక్కడ తెచ్చేది?" అని కసిరింది దుబ్బమ్మ.

దిగేకొద్దీ పోటు తగ్గింది. రెండు రోజులకు గోరింట లేచి కూర్చుంది. ఆ ఉదయమే, నొప్పి పూర్తిగా తగ్గిన కుందేలు దుబ్బమ్మ వెంట వెళ్లి, అంచు చూసి, గంతులేస్తూ దిగివచ్చింది. గోరింటకు కుళ్లు రాలేదు. దుబ్బమ్మ వీపు మీద తన గిట్టల గీతలు చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"అత్తా, అబద్ధమాడినదాన్ని మోసుకొచ్చావు. ఈ ప్రాణం నువ్వు పెట్టిందే. నీకేమివ్వగలను?"

"ఏమీ వద్దే పిచ్చిదానా. అడిగినప్పుడు నిజం చెప్పు, చాలు."

గోరింట ముక్కు చీదుకుంది. "అయితే... ఇంకా కొంచెం నొప్పిగానే ఉందత్తా."

దుబ్బమ్మ ఫక్కున నవ్వింది. "నా బంగారు తల్లే! పడుకో. తగ్గాకే ఎక్కుదాం."

నీతి: మనల్ని కాచేవాళ్ల దగ్గర నొప్పి దాచకూడదు, మన మేలు కోరి వెనక్కి తిప్పినవాళ్లకు దండం పెట్టాలి.