వెల్లుల్లి సాళ్ల మధ్య ధనియాలు

కొండ దిగువన, వాగు పక్కన అరెకరం నల్లమట్టి ఉండేది. దాన్ని దున్నేది ముసలి ఎద్దు, విత్తనం పెట్టేది ఆడ కుందేలు. వెల్లుల్లి ఎద్దుది, ధనియాలు కుందేలువి. రెండు సాళ్ల వెల్లుల్లికి నడుమ ఒక సాలు ధనియాలు వేసుకుని నాలుగేళ్లుగా గొడవ లేకుండా బతుకుతున్నాయి. గిట్టలతో కలుపు తీయడం ఎద్దుకు చేతకాదు కాబట్టి ఆ పనీ కుందేలే చేసేది. ఆ సాళ్లలోనే బొరియ తవ్వుకుని తన ముగ్గురు పిల్లల్ని దాచుకుంది.

ఆ పిల్లల మీద నక్క కన్ను పడింది. కానీ మడిలో అడుగుపెడితే చాలు, వెల్లుల్లి ఘాటుకు దాని ముక్కు మొద్దుబారిపోయేది. బొరియ ఎక్కడుందో వాసన పట్టలేక, తుమ్ముకుంటూ వెనక్కి పోయేది. చివరికి ముక్కును నమ్ముకోవడం మానేసి నోటిని నమ్ముకుంది.

ఒకనాడు ఎద్దు నెమరేస్తుంటే వచ్చి వినయంగా కూర్చుంది.

“పెద్దయ్యా, బాగా చిక్కిపోయావే!”

“వయసు మీద పడింది. పనీ ఎక్కువే.”

“పని నీది, ఫలం ఎవరిదో! ఆ నేలకు ఎరువెక్కడిది?”

“ఎక్కడిదేమిటి? నా పేడే.”

“అదంతా తాగేసి ధనియాలు ఏపుగా లేచాయి. నీ గడ్డలేమో పోయినేడు గోలీకాయలంత. నాకెందుకులే పెద్దయ్యా, ఊరికే నోరు జారాను.”

నోరు జారే నక్కను ఎవరైనా చూశారా? ఎద్దూ చూడలేదు. నిజానికి ఆ గడ్డలు నిమ్మకాయలంత ఊరాయి, తవ్వి కుప్ప పోసింది కూడా ఎద్దే. అయినా కడుపు మండింది. మర్నాడే కుందేలును పిలిచింది.

“నీ పంట, నీ బొరియ గట్టు అవతలికి మార్చుకో.”

కుందేలు నిర్ఘాంతపోయింది. “పైరు జానెడు లేచాక ఇప్పుడు మార్చమంటావేంటి మావా? అక్కడంతా బోడి నేల. ఈ ఘాటు చాటునే నా పిల్లలు బతుకుతున్నారు.”

“ధనియాలకు మాత్రం వాసన లేదా?”

“అవి మొలిచి, ఆకు వేసేదాకా నక్క ఆగుతుందా?”

“అదంతా నాకు తెలీదు. నా ఎరువు నా పంటకే.”

ఎద్దు అక్కడితో ఆగలేదు. ధనియాల సాళ్లను గిట్టలతో కుళ్లబొడిచింది. కుందేలు ఏడుస్తూ గట్టు అవతల కొత్త బొరియ తవ్వుకుని, పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని మార్చింది.

మూడోరోజు ఎద్దు మళ్లీ కేకేసింది. “ఏమ్మాయ్, వేరుపడితే మాత్రం కలుపు తీయవా? ఆ ఒక్క సాయం చేసిపెట్టు.”

కాదనలేక వచ్చింది పిచ్చిది. అది వంగి ఎద్దుగారి వెల్లుల్లిలో గడ్డి పీకుతున్నంతసేపూ నక్క గట్టు అవతల తీరిగ్గా నేల వాసన చూసుకుంటూ తిరిగింది. ఈసారి ఒక్క తుమ్మూ రాలేదు.

పొద్దు వాలకముందే కుందేలు తిరిగి వెళ్లింది. బొరియ తవ్వేసి ఉంది. లోపల ఎవరూ లేరు.

అది మళ్లీ వచ్చి ఎదురుగా నిలబడితే ఎద్దు తల ఎత్తలేకపోయింది.

“నక్క ఇంత పని చేస్తుందనుకోలేదమ్మా...”

“నక్కకు ఆకలి మావా. నీకేం తక్కువైంది?”

అంతే. కుందేలు కొండ దాటి వెళ్లిపోయింది. ధనియాలు పోయిన చోటల్లా గడ్డి మొలిచి వెల్లుల్లిని కప్పేసింది. ఎద్దు రోజూ గట్టు మీద నిలబడి అటే చూసేది, పీకడానికి మాత్రం ఎవరూ రాలేదు.

నీతి: పక్కవాడు నీ వాటా తింటున్నాడని చెప్పడానికి వచ్చినవాణ్ణి, నువ్వేం తిని బతుకుతావని ముందు అడగాలి.